కంపెనీ లారీ పట్టుబడితే: కోర్టు జప్తు మేలా, అధికారి జప్తు మేలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల లారీ యజమానులు, క్రషర్ల భాగస్వాములు, రైస్ మిల్లుల మేనేజర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. కంపెనీ పేరున ఉన్న వాహనాన్ని నేరానికి వాడారని పట్టుకున్నప్పుడు, దాన్ని ప్రభుత్వపరం చేయాలా వద్దా అన్నది న్యాయస్థానం తేల్చడం మేలా, శాఖాధికారి తేల్చడం మేలా? ఈ ఎంపిక చాలావరకు యజమాని చేతిలో ఉండదు, లారీలో దొరికిన సరుకే దాన్ని నిర్ణయిస్తుంది. పెన్నా ఇసుకో, సైదాపురం క్వార్ట్జో, చీమకుర్తి గ్రానైటో అనుమతి లేకుండా తరలిస్తూ పట్టుబడితే, 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం జప్తు ఉత్తర్వు ఇవ్వవలసింది కోర్టే. గంజాయి దొరికితే మాదకద్రవ్యాల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద అదీ కోర్టు పనే. రేషన్ బియ్యమైతే నిత్యావసర వస్తువుల చట్టం కింద, దాని 6ఎ సెక్షన్ పేరుతో అందరూ 6ఎ కేసు అని పిలిచే పద్ధతిలో, కలెక్టర్ తేలుస్తారు. ఎర్రచందనమైతే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 44వ సెక్షన్ కింద అటవీ శాఖలోని అధీకృత అధికారి తేలుస్తారు. అయినా ఈ తేడాను ముందే తెలుసుకోవాలి. ఏ సరుకు రవాణా చేసే కంపెనీ ఎలాంటి కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

అధికారి మార్గం మేలనేవారు చెప్పే కారణం వేగం. షోకాజ్ నోటీసు వస్తుంది, జవాబు ఇస్తారు, విచారణ జరుగుతుంది, ఉత్తర్వు వెలువడుతుంది. క్రిమినల్ కేసు ముగిసేదాకా ఎదురుచూడనవసరం లేదు. బియ్యం కేసుల్లో మరో వెసులుబాటు కూడా ఉంది. కిరాయికి సరుకు మోసే వాహనమైతే, జప్తుకు బదులు జరిమానా చెల్లించే అవకాశాన్ని కలెక్టర్ యజమానికి ఇచ్చి తీరాలి, ఆ జరిమానా లారీలో దొరికిన సరుకుకు పట్టుబడిన నాటి మార్కెట్ ధరను మించకూడదు. బియ్యం ధర ఎక్కడ, లారీ ధర ఎక్కడ! అయితే మిల్లు తన సొంత లారీలో తన సరుకునే తరలిస్తూ పట్టుబడితే అది కిరాయి వాహనం కాదు కాబట్టి, ఈ వెసులుబాటును హక్కుగా అడగడానికి వీలుండదు. మిల్లు యజమానులు చాలామంది ఈ తేడాను నోటీసు చేతికొచ్చాక గానీ గమనించరు.

వేగం మంచిదే కానీ, నా దృష్టిలో నిర్ణాయకమైన అంశం అది కాదు, డ్రైవరుకు ఏమి తెలుసన్నది. కంపెనీకి సొంత మనసు లేదు. కంపెనీని నేరానికి బాధ్యురాలిని చేయాలంటే దాన్ని నడిపించే వ్యక్తుల ఉద్దేశాన్ని దాని ఉద్దేశంగా ఎంచాలని ఇరిడియం, మోటరోలా కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి దగ్గరికి వచ్చేసరికి చట్టం ఇంతకంటే చాలా కిందికి దిగుతుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 60వ సెక్షన్ చూసినా, నిత్యావసర వస్తువుల చట్టం 6బి సెక్షన్ చూసినా, అటవీ చట్టం చూసినా నియమం ఒకే తీరుగా ఉంటుంది: వాహనం నేరానికి వాడుతున్న సంగతి యజమానికీ, అతని ఏజెంటుకూ, వాహనం అప్పగించబడిన వ్యక్తికీ తెలియదనీ, ఆ ముగ్గురూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారనీ యజమానే రుజువు చేయాలి. వాహనం అప్పగించబడిన వ్యక్తి అంటే డ్రైవరే. అంటే ఒంగోలులో కూర్చున్న మేనేజింగ్ డైరెక్టరుకు ఏమీ తెలియకపోయినా, సింగరాయకొండ దగ్గర లోడు మార్చుకున్న డ్రైవరుకు తెలిస్తే, డైరెక్టరుకు శిక్ష తప్పవచ్చు గానీ లారీ దక్కడం కష్టం. డైరెక్టర్ల అమాయకత్వాన్ని పేజీల కొద్దీ రాసి, డ్రైవరు గురించి ఒక్క వాక్యం కూడా లేని జవాబులు నేను చూస్తూనే ఉన్నాను.

డ్రైవరుకు ఏమి తెలుసన్నది ఎక్కడ సరిగా తేలుతుందో అదే మేలైన మార్గమని నా అభిప్రాయం, అందుకే నా మొగ్గు కోర్టు వైపు. అధికారి విచారణలో సరుకును పట్టుకున్నదీ, నివేదిక రాసిందీ, జప్తు ఉత్తర్వు ఇచ్చేదీ ఒకే శాఖ కావచ్చు, అటవీ కేసుల్లో అలాగే ఉంటుంది. పట్టుబడిన రాత్రి డ్రైవరు ఇచ్చిన వాంగ్మూలాన్ని ఆధారం చేసుకుని కంపెనీ వాదనను తోసిపుచ్చడం అక్కడ సులువు. కోర్టులో ఆ వాంగ్మూలం పోలీసుల ముందు ఇచ్చినదైతే దాన్ని నేరాంగీకారంగా వాడడానికి ఉండే పరిమితులు వాదనకు వస్తాయి, పట్టుకున్న అధికారినీ, పంచనామాపై సంతకం చేసిన సాక్షులైన మధ్యవర్తులనూ ప్రశ్నించే హక్కు ఉంటుంది. కంపెనీ చూపే జీపీఎస్ రికార్డుకు కూడా అక్కడే అసలు విలువ దక్కుతుంది, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కోరే సర్టిఫికెట్‌ను జతపరిస్తేనే అనుకోండి. గనుల చట్టంలో పైన చెప్పిన ముగ్గురి నియమం ఆ రూపంలో లేదు. వాహనం జప్తుకు లోనవుతుందని మాత్రమే చెప్పి, దాన్ని ఏమి చేయాలన్నది కోర్టు ఆదేశానికి వదిలింది కాబట్టి యజమాని వాదనకు అక్కడ చోటు ఎక్కువ.

క్రిమినల్ కేసులో నిర్దోషిగా తేలితే వాహనం దానంతటదే తిరిగి వస్తుందన్న నమ్మకం అటవీ కేసుల్లో పనిచేయదు. మన అటవీ చట్టం కిందే వచ్చిన ఒక కేసులో, అధికారి జరిపే జప్తు విచారణ క్రిమినల్ విచారణకు సంబంధం లేని ప్రత్యేక ప్రక్రియ అని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఉదయగిరి, రాపూరు వైపు తిరిగే లారీల యజమానులు మేజిస్ట్రేటు కోర్టులో కేసు నడుస్తోంది కదా అని ఊరుకోకుండా, అధీకృత అధికారి ఉత్తర్వు మీద ముప్పై రోజుల్లో జిల్లా కోర్టుకు అప్పీలు వేసుకోవాలి. ఎన్‌డీపీఎస్ చట్టంలోనూ నిందితుడికి శిక్ష పడినా, అతను విడుదలైనా జప్తు సంగతిని కోర్టు విడిగానే తేలుస్తుంది.

కోర్టు మార్గంలోని లోపం ఆలస్యమేనని ఒప్పుకోవాలి. ఏ పోలీస్ స్టేషన్ ఆవరణలో చూసినా టైర్లు కుంగి, తుప్పు పట్టిన టిప్పర్లు కనిపిస్తాయి. అయితే ఆ లోపానికి మందు కోర్టులోనే ఉంది. పట్టుబడిన వాహనాలను పదిహేను రోజులకు, మహా అయితే నెలకు మించి స్టేషన్లలో ఉంచరాదని, ఫొటోలు తీసి, పంచనామా చేసి, పూచీకత్తుపై విడుదల చేయాలని గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ కేసుల ప్రక్రియను నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ దీనికి గడువులు పెట్టింది: ఆస్తిని హాజరుపరిచిన పద్నాలుగు రోజుల్లో కోర్టు వివరాల పట్టిక తయారు చేయాలి, ఫొటోలు, వీడియో తీయించాలి, ఆ తర్వాత ముప్పై రోజుల్లో ఆస్తిని ఏమి చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. గంజాయి కేసుల్లో మధ్యంతర విడుదల, అంటే కేసు తేలకముందే వాహనాన్ని ఇవ్వడం, కుదరదన్న వాదన బలంగా ఉండేది. ఎన్‌డీపీఎస్ చట్టంలో అలాంటి నిషేధమేమీ లేదని 2025 జనవరిలో అస్సాం లారీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అయితే సరుకు డ్రైవరు దగ్గర దొరికిందా, ఎక్కిన ప్రయాణికుడి దగ్గర దొరికిందా అన్న తేడాను కూడా ఎత్తిచూపింది. మళ్లీ డ్రైవరే. బియ్యం కేసుల్లో మాత్రం జప్తు విచారణ పెండింగులో ఉండగా వాహనాన్ని విడుదల చేసే అధికారం కలెక్టర్‌దే, కోర్టుకు వెళ్లి లాభం లేదు.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. గనుల కేసుల్లో 23ఎ సెక్షన్ కింద కాంపౌండింగ్ రుసుము, అంటే కేసును రాజీ చేసుకునే సొమ్ము, కట్టి ప్రాసిక్యూషన్ నుంచి బయటపడవచ్చు, తప్పు నిజంగా జరిగిన చోట అదే చౌక. మనీలాండరింగ్ చట్టం కింద ఈడీ చేసే 180 రోజుల తాత్కాలిక జప్తు, సురక్షా సంహిత 107వ సెక్షన్ కింద జరిగే జప్తు ప్రధానంగా నేరం వల్ల వచ్చిన ఆస్తికి సంబంధించినవి, నేరానికి వాడిన లారీకి కావు.

కాబట్టి నన్నడిగితే, రేషన్ బియ్యంతో పట్టుబడిన కిరాయి లారీకి కలెక్టర్ దగ్గర జరిమానా అవకాశాన్ని వాడుకోవడమే మేలు. ఖనిజం కేసులో తప్పు చేయలేదని చెప్పగలిగిన కంపెనీ కాంపౌండింగ్‌కు తొందరపడకుండా కోర్టులోనే తేల్చుకోవాలి. ఆ వాదన నిలవాలంటే డ్రైవరు నియామక పత్రం, దారి మళ్లించరాదన్న రాతపూర్వక ఆదేశం, ట్రిప్పువారీ పర్మిట్లు, జీపీఎస్ రికార్డు అన్నీ లారీ పట్టుబడిన తేదీకి ముందునాటివై ఉండాలి.