1.5హెచ్ కవర్ స్లిప్పులు: అయిదు మైక్రాన్ల కచ్చితత్వానికి పెట్టే ఖర్చు

మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్‌ల (స్లైడుకు దగ్గరగా ఉండే కటకాల) మీద 40ఎక్స్, 0.65 వంటి అంకెల పక్కనే 0.17 అని మరో అంకె చెక్కి ఉంటుంది. స్లైడు మీద కప్పే పలచని గాజు బిళ్ల, అంటే కవర్ స్లిప్పు, 0.17 మిల్లీమీటర్ల మందం ఉంటుందన్న లెక్కతోనే ఆ కటకాలను రూపొందించారని దాని అర్థం. అయినా మన కళాశాలల్లోనూ ఆసుపత్రి ల్యాబుల్లోనూ ఇండెంటు పెట్టేటప్పుడు 22×22 అని పొడవు, వెడల్పు రాస్తారే తప్ప మందం రాయరు. రాయనప్పుడు సరఫరాదారు చవకగా దొరికే ఒకటో నంబరు (స్లిప్పుల మందాన్ని బట్టి ఇచ్చే నంబరు) పెట్టెలు పంపడంలో వింతేమీ లేదు. పాథాలజీ విభాగంలో మైక్రోస్కోపుల బాధ్యత చూసే వ్యక్తిగా, జర్మనీకి చెందిన మారియన్‌ఫెల్డ్ సంస్థ 1.5హెచ్ రకం స్లిప్పులను తెప్పించి, మామూలు వాటితో పక్కపక్కన పెట్టి వాడి చూశాను.

ఒకటో నంబరు స్లిప్పు 0.13 నుంచి 0.16 మిల్లీమీటర్ల వరకు ఎంతైనా ఉండవచ్చు. 1.5 నంబరుది 0.16 నుంచి 0.19 వరకు ఉంటుంది. 1.5హెచ్‌కు మాత్రం 0.170కి అటూ ఇటూ 0.005 మిల్లీమీటర్లు, అంటే అయిదు మైక్రాన్లు మించకూడదన్నది హద్దు. మన రక్తంలోని ఎర్ర కణం వ్యాసం ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుందని గుర్తు చేసుకుంటే, గాజు పలకలో ఈ మేరకు అదుపు సాధించడం ఎంత కష్టమో ల్యాబుల్లో పనిచేసేవారికి వెంటనే బోధపడుతుంది.

అంత అదుపు ఎలా వస్తుందన్నదే ఈ వస్తువులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం. ఇది షాట్ కంపెనీ తయారుచేసే డి 263 అనే బోరోసిలికేట్ గాజు. కరిగిన గాజు తొట్టి అడుగున ఉన్న సన్నటి చీలిక గుండా కిందికి దిగుతుంటే, దాన్ని నిలకడైన వేగంతో లాగుతూ, క్రమంగా చల్లార్చుతూ పలకగా తీస్తారు. ఎంత వేగంగా లాగుతున్నారు, చీలిక దగ్గర గాజు ఎంత వేడిగా ఉంది అన్న రెండింటి మీదే మందం ప్రధానంగా ఆధారపడుతుంది. వేడి కొంచెం పెరిగితే గాజు పలచబడి ఎక్కువగా కారుతుంది, తగ్గితే చిక్కబడి నిదానిస్తుంది. పలక రెండు అంచులూ దళసరిగా గట్టిపడతాయి కనుక వాటిని కోసి పారేసి, మధ్య భాగాన్నే వాడుకుంటారు. పాలిష్ చేయవలసిన పని ఉండదు, ఎందుకంటే ద్రవరూపంలోంచి చల్లారిన గాజు ఉపరితలం తనంతట తానే నునుపుగా ఉంటుంది. కిటికీ అద్దాలను 1950లలో పిల్కింగ్టన్ రూపొందించిన ఫ్లోట్ పద్ధతిలో, కరిగిన తగరం మీద తేలించి తీస్తారు. తగరం మీద వదిలేసిన గాజు తన బరువుకూ తలతన్యతకూ లోబడి సుమారు ఆరేడు మిల్లీమీటర్ల మందం దగ్గర కుదురుకుంటుంది. అంతకన్నా పలచగా కావాలంటే లాగి సాగదీయాల్సిందే. కవర్ స్లిప్పుల వంటి పలచని గాజును కిందికి లాగి తీయడానికి కారణం ఇదే.

పెట్టె విప్పగానే చేసిన మొదటి పని మైక్రోమీటరుతో కొలవడం. పెట్టెలో అక్కడక్కడి నుంచి తీసి కొలిచినవన్నీ చెప్పిన హద్దులోనే ఉన్నాయి. మా దగ్గరున్న ఒకటో నంబరు పెట్టెలోని స్లిప్పులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపించాయి, అది ఆ రకానికి అనుమతించిన తేడాయే కాబట్టి తప్పు పట్టలేను. తర్వాత స్లిప్పును ఏటవాలుగా పట్టుకుని ట్యూబ్‌లైటు ప్రతిబింబాన్ని చూశాను. నాసిరకం గాజులో ఆ గీత వంకర్లు పోతుంది, ఇందులో తిన్నగా నిలిచింది.

అసలు పరీక్ష 0.95 న్యూమరికల్ అపర్చర్ (కటకం ఎంత వెడల్పాటి కోణం నుంచి కాంతిని పోగుచేస్తుందో చెప్పే అంకె) ఉన్న 40ఎక్స్ డ్రై ఆబ్జెక్టివ్ (నూనె వేయకుండా వాడేది) కింద జరిగింది. కిడ్నీ బయాప్సీ సెక్షన్‌లో (పలచగా కోసిన కణజాలపు ముక్కలో) ఒక చిన్న రంగు రేణువును ఎంచుకుని, ఫైన్ ఫోకస్‌ను ఆ రేణువుకు కాస్త పైకి, కాస్త కిందికి తిప్పి చూడాలి. స్లిప్పు మందం సరిపోతే రెండు వైపులా ఒకే రకంగా మసకబారుతుంది. సరిపోకపోతే ఒకవైపు స్పష్టమైన వలయాలు, రెండోవైపు ఆకారం లేని పొగమంచు కనిపిస్తాయి. కటకం అంచుల గుండా వచ్చిన కిరణాలు, మధ్య గుండా వచ్చిన కిరణాలు ఒకేచోట కలవకపోవడమే అందుకు కారణం. ఒకటో నంబరు స్లిప్పుతో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడింది, 1.5హెచ్‌తో దాదాపు పోయింది. కణాల కింద ఉండే పలచని పొర, బేస్‌మెంట్ మెంబ్రేన్ గీత పదునుగా తేలింది. కరెక్షన్ కాలర్ (స్లిప్పు మందానికి తగ్గట్టు కటకాన్ని సర్దే తిరిగే పట్టీ) ఉన్న ఆబ్జెక్టివ్ అయితే మందం తేడాను కాలర్ తిప్పి సర్దుకోవచ్చు కానీ, స్లైడు మార్చినప్పుడల్లా కాలర్ తిప్పుతూ కూర్చునే ఓపిక రిపోర్టుల రద్దీలో ఎవరికీ ఉండదు. అన్నట్టు, స్లిప్పును స్లైడుకు అతికించే జిగురు డిపిఎక్స్‌ను పెద్ద బొట్టుగా వేసే అలవాటున్న చోట ఈ స్లిప్పులు కొనడం వృథా, ఎందుకంటే సెక్షన్‌కూ గాజుకూ మధ్య మిగిలే డిపిఎక్స్ పొర కూడా మందం కిందికే వస్తుంది, అయిదు మైక్రాన్ల కచ్చితత్వం అందులో కొట్టుకుపోతుంది.

అందరూ ఇవి కొనాలని నేను చెప్పను. 4ఎక్స్, 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌లకు కవర్ స్లిప్పు మందంతో పెద్దగా పని లేదు. కటకానికీ స్లిప్పుకూ మధ్య నూనె బొట్టు వేసి చూసే 100ఎక్స్ ఆయిల్ ఇమ్మర్షన్‌లో ఆయిల్ వక్రీభవన గుణకం గాజుకు దగ్గరగా ఉండడం వల్ల కొద్దిపాటి తేడా బయటపడదు. మలేరియా కోసం చూసే బ్లడ్ స్మియర్‌కైతే స్లిప్పే వేయరు. అదే స్మియర్‌ను స్లిప్పు లేకుండా 40ఎక్స్ కింద పెడితే బొమ్మ మసకగా కనిపిస్తుందని ప్రతి టెక్నీషియనుకూ తెలుసు, లెన్సు మురికిపట్టిందని తుడిచేవారే ఎక్కువ. కాన్ఫోకల్ మైక్రోస్కోపు (లేజరుతో నమూనాను పొర పొరగా చూపేది) ఉన్న పరిశోధన సంస్థలకు, న్యూమరికల్ అపర్చర్ 0.7 దాటిన డ్రై ఆబ్జెక్టివ్‌లు వాడేవారికి 1.5హెచ్ అవసరం, మిగిలిన నిత్యపు పనికి బోరోసిలికేట్ గాజుతో చేసిన మామూలు 1.5 నంబరు చాలు.

ధర మాత్రం మామూలు పెట్టెకు అనేక రెట్లు ఉంటుంది. కొనేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. నేను మొదట ఆర్డరిచ్చిన డీలరు ఇన్‌వాయిస్‌లో హెచ్ అని రాసి, మామూలు 1.5 పెట్టె పంపాడు, అడిగితే రెండూ ఒకటేనని వాదించాడు. పెట్టె మీద 0.170, దాని పక్కన 0.005 అన్న హద్దు అచ్చై ఉందో లేదో చూసుకున్నాకే రసీదు మీద సంతకం పెట్టండి.

చవక స్లిప్పుల్లో చాలావరకు సోడా లైమ్ గాజువే. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల తేమలో ఆ గాజులోని సోడియం ఉపరితలానికి చేరి, స్లిప్పులు ఒకదానికొకటి అతుక్కుని తెల్లటి మరకలు కడతాయి, స్పిరిట్‌తో తుడిచినా అవి పోవు. డి 263 ఈ విషయంలో ఎంతో మేలు. అయినా తెరిచిన పెట్టెను తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న మూత బిగించిన పాత్ర, డెసికేటర్‌లోనే ఉంచుతున్నాం, స్లిప్పులను ఫోర్సెప్స్‌తో అంచు పట్టి తీయమని విద్యార్థులకు చెబుతున్నాం.