క్లోన్‌జిల్లా: గట్టి పనిముట్టే, కానీ పొరపాటును మన్నించదు

పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవాలి. విండోస్ మళ్లీ ఎక్కించే పని ఉండకూడదు, ఫైళ్లూ సాఫ్ట్‌వేర్లూ ఎక్కడివక్కడే ఉండాలి. ఇన్నాళ్లూ ఈ పనికి చాలామంది నమ్ముకున్న మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌కు 2024 జనవరి నుంచి సపోర్ట్ లేదు. ఎస్‌ఎస్‌డీ కంపెనీలు ఇచ్చే టూల్స్‌లో ఎక్కువ భాగం తమ సొంత డిస్క్ కనబడితేనే కదులుతాయి. పైసా కట్టకుండా, ఏ కంపెనీ డిస్క్‌కైనా పూర్తిగా పనిచేసేది కావాలంటే మా ఓటు క్లోన్‌జిల్లాకే. తైవాన్‌లోని నేషనల్ సెంటర్ ఫర్ హై-పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్‌లో తయారైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. ఒక డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేస్తుంది, దాన్నే క్లోన్ అంటారు.

విండోస్ లోపల ఇది నడవదు. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైల్‌ను, బూట్ పెన్‌డ్రైవ్‌లు తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తోనే బూట్ చేయాలి. 2 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మౌస్ కూడా లేని నీలం తెర వస్తుంది. బాణం కీలు, స్పేస్‌బార్, ఎంటర్‌తోనే పనంతా. కొత్తవాళ్లు జంకేది ఇక్కడే. తీరా చూస్తే డిస్క్ వాడకంలో లేనప్పుడు కాపీ చేయడమే దీని బలం. మధ్యలో ఏ ఫైలూ మారదు.

రెండో బలం వేగం. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్), ఎక్స్‌టీ4 (లినక్స్) లాంటి ఫైల్ సిస్టమ్‌లను, అంటే డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులను, ఇది చదవగలదు, డేటా ఉన్న బ్లాకులనే కాపీ చేస్తుంది. 1 టీబీ డిస్క్‌లో 180 జీబీ నిండి ఉంటే కదిలేది ఆ 180 జీబీయే. సెకనుకు 100 ఎంబీ చొప్పున నడిస్తే అరగంట పని. కొత్త డిస్క్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపేవారు ఆ కేబుల్‌ను నెమ్మదైన యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే గంటన్నర చూస్తూ కూర్చోవాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే కొత్త డిస్క్‌లో సగం కాపీ మిగులుతుంది, మళ్లీ మొదటినుంచి చేయాలి.

ముందుగా విండోస్‌లో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. క్లోన్ చెడడానికి ఎక్కువసార్లు కారణం ఇవి వదిలేయడమే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న సీ డ్రైవ్‌ను క్లోన్‌జిల్లా ముట్టకుండా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. ఆ తర్వాత బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఇది మనం అడగకుండానే ఆన్ అయి ఉండొచ్చు. తాళం వేసిన డ్రైవ్‌లో ఏ బ్లాకు ఖాళీయో క్లోన్‌జిల్లాకు తెలియదు కాబట్టి ఖాళీ జాగాతో సహా మొత్తం కాపీ చేస్తుంది. కొత్త డిస్క్‌తో బూట్ చేసినప్పుడు విండోస్ రికవరీ కీ అడగొచ్చు. సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆపి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. ఆపే ఉద్దేశం లేకపోతే రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే ముందుకెళ్లండి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో పాత డిస్క్ ఆరోగ్యం కూడా చూడాలి. కరెంట్ పెండింగ్ సెక్టార్ (సరిగా చదవలేకపోతున్న చోట్ల లెక్క) విలువ సున్నా కాకపోతే ఆ డిస్క్‌ను మామూలు పద్ధతిలో క్లోన్ చేయొద్దు. క్లోన్‌జిల్లాలో రెస్క్యూ ఆప్షన్ ఉంది గానీ, చెడుతున్న డిస్క్‌కు జీఎన్‌యూ డీడీరెస్క్యూ మేలు. ముందు బాగున్న భాగాలన్నీ లాగేసి, చెడ్డ చోట్లకు చివర్లో వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా అక్కడినుంచే కొనసాగించొచ్చు. డిస్క్ టిక్ టిక్‌మంటుంటే ఏ సాఫ్ట్‌వేరూ వద్దు, వెంటనే కరెంటు తీసేయండి.

క్లోనింగ్ మెనూ చిన్నదే. డివైస్-డివైస్, బిగినర్ మోడ్, డిస్క్ టు లోకల్ డిస్క్, సోర్స్, టార్గెట్. ప్రాణం పెట్టి చూడాల్సింది చివరి రెండూ. తెర మీద ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కనబడే పేర్లు ఒక బూట్ నుంచి ఇంకో బూట్‌కు మారిపోగలవు. ఆ పేర్లను నమ్మొద్దు. పక్కనే ఉన్న మోడల్, సైజు చూడండి. రెండూ ఒకే కంపెనీవైతే డిస్క్ లేబుల్ మీది సీరియల్ నంబర్‌తో పోల్చండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది. క్లోన్‌జిల్లా ఒకటికి రెండుసార్లు వై (Y) కీ నొక్కమని అడిగేది ఇందుకే. అలవాటుగా నొక్కేయకుండా ప్రతిసారీ ఆ వరుస చదవండి. సంబంధం లేని డిస్క్‌లన్నీ ముందే ఊడదీసి పక్కన పెట్టడం ఇంకా మంచిది.

సైజు విషయంలో ఇది మొండిది. కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో, పెద్దదిగానో ఉండాలి. 500 జీబీ హార్డ్ డిస్క్‌కు బదులు 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొంటే, లోపల 100 జీబీయే ఉన్నా మామూలుగా ఒప్పుకోదు. డిస్క్ విభాగాలను మార్చే జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్‌తో పార్టిషన్లు (ఆ విభాగాలు) కుదించి, చివరిదాన్ని కూడా లోపలికి జరిపి, ఎక్స్‌పర్ట్ మోడ్‌లో సైజు తనిఖీ ఆపేసి చేయొచ్చు. ఇంట్లో వాడేవాళ్లకు ఆ తంటా ఎందుకు, కొనేటప్పుడే 500 లేదా 512 తీసుకోండి. పెద్ద డిస్క్‌కు మార్చినప్పుడు మిగిలిన జాగా చివర్న ఖాళీగా కనబడుతుంది. సీ డ్రైవ్ తర్వాత రికవరీ పార్టిషన్ అడ్డుంటే విండోస్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ పనిచేయదు. జీపార్టెడ్‌తో ఆ రికవరీని చివరికి జరిపితే దారి ఇస్తుంది.

ల్యాప్‌టాప్ డిస్క్ అసలు కనబడకపోతే బయాస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగ్స్) డిస్క్‌కు ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్ ఉందేమో చూడండి. దాన్ని నేరుగా మామూలు మోడ్ అయిన ఏహెచ్‌సీఐకి మార్చేస్తే విండోస్ నీలం తెరతో ఆగిపోవచ్చు. ముందు విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) టూల్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, అప్పుడు బయాస్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చి టిక్ తీసేయాలి.

బ్యాకప్‌కు మాత్రం క్లోన్ కాదు, ఇమేజ్ వాడండి. డివైస్-ఇమేజ్ ఎంచుకుంటే డిస్క్ మొత్తాన్ని కుదించి బయటి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌గా దాస్తుంది. రెండు మూడు తేదీల ఇమేజ్‌లు ఒకే డ్రైవ్‌లో పడతాయి. ఇమేజ్ సరిగా ఉందో లేదో చూడమంటారా అని అడుగుతుంది. సమయం పట్టినా చూడమనండి. అయ్యాక ఆ డ్రైవ్ ఊడదీసి పెట్టుకోండి. తగిలించి వదిలేస్తే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాన్నీ లాక్ చేయొచ్చు.

దీని లోట్లు నిజమైనవే. ఇమేజ్ లోంచి ఒక్క ఫైలు కావాలంటే నేరుగా తెరిచి తీసుకునే వీల్లేదు. మారినవాటినే దాచే పద్ధతీ లేదు, ప్రతిసారీ మొత్తం చేయాల్సిందే. అందుకే రోజువారీ డాక్యుమెంట్లకు, ఫొటోలకు వేరే ఫైల్ బ్యాకప్ ఉండాలి. టెక్స్ట్ మెనూ నచ్చనివాళ్లకు రెస్క్యూజిల్లా ఉంది: మౌస్‌తో నడుస్తుంది, క్లోన్‌జిల్లా ఇమేజ్‌లనూ చదువుతుంది. మొదటిసారి చేసేవారికి మేము దాన్నే చూపిస్తాం.

క్లోన్ అయ్యాక పవర్ ఆఫ్ ఎంచుకుని, పాత డిస్క్ తీసేసి, కొత్తదొక్కదానితోనే మొదటిసారి బూట్ చేయండి. రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి, కలిపి పెడితే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేయొచ్చు, లేదా పాతదాని నుంచే బూట్ అయి క్లోన్ కుదిరిందని భ్రమ పెట్టొచ్చు. అన్నీ తెరుచుకుంటున్నాయని నమ్మకం కుదిరేదాకా, కనీసం రెండు వారాలు, పాత డిస్క్‌ను ఫార్మాట్ చేయకండి.