హైదరాబాద్ బాచుపల్లి గేటెడ్ అపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళు అద్దెకున్నాక, నీళ్ళ సంగతి

పూల్, జిమ్, క్లబ్‌హౌస్ సంగతులు టూలెట్ యాడ్‌లోనే ఉంటాయి, అవి నేను చెప్పక్కర్లేదు (మూడేళ్ళలో పూల్‌లో దిగింది రెండుసార్లు). నా గోలంతా నీళ్ళ గురించి, అసలు చెప్పాలంటే నీళ్ళ కబురు అద్దెకున్నోళ్ళకి అందకపోవడం గురించి.

2022లో దిగేటప్పుడు ఓనర్ గారు "మంజీరా కనెక్షన్ ఉందండీ, నీళ్ళకి ఢోకా లేదు" అన్నారు. అబద్ధమేం కాదు, ఆ మంజీరా నీళ్ళు (వాటర్ బోర్డు పైపు నీళ్ళు) వస్తాయి, రోజు విడిచి రోజు, కిచెన్‌లో ఒక్క కొళాయికి. మిగతాదంతా బోరే, ఆ ఉప్పుకి గీజర్ కాయిల్ రెండుసార్లు పోయింది. నెలకి 20 వేల లీటర్ల ఫ్రీ నీళ్ళ స్కీమేమో అప్పట్లో జీహెచ్‌ఎంసీ లోపలి వాళ్ళకే, మాదేమో అప్పుడు నిజాంపేట కార్పొరేషన్. అయినా మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేక ఆఫీసులో ఇద్దరికి మా దగ్గరికి వచ్చేయండని నేనే చెప్పా. ఒకతను వచ్చేశాడు కూడా, ఇప్పుడు లిఫ్ట్‌లో కనిపిస్తే ఫోన్ చూసుకుంటున్నా.

2024 ఎండాకాలం కూకట్‌పల్లి, నిజాంపేట వైపు ఎవర్ని కదిపినా ట్యాంకర్ మాటే. మా బోర్లూ అడుగంటాయి. సరిగ్గా ఉగాది పొద్దున, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ తలకి నూనె పెట్టుకుని కుంకుడుకాయ పులుసు రుద్దుకుంటుంటే కొళాయి ఆగిపోయింది. కిందకి పరిగెడితే వాచ్‌మెన్ "ఆరు నుంచి ఎనిమిది దాకే సార్, గ్రూప్‌లో పెట్టారు కదా" అన్నాడు. ఏ గ్రూప్? ఓనర్ల గ్రూప్. టెనెంట్లని అందులో వేయరంట. డల్లాస్‌లో ఉన్న ఓనర్‌కి ఫోన్ చేస్తే, అక్కడ రాత్రి పదిన్నర, "ఆ గ్రూప్ మ్యూట్‌లో పెట్టానండీ, ఎప్పుడు చూసినా కుక్కల గొడవే" అన్నారు. ఇక ఎవర్ని తిట్టాలి! ఎదురు ఫ్లాట్ ఆంటీ రెండు బకెట్లు మోసుకొచ్చి ఇచ్చారు, అంతకుముందు ఆవిడతో లిఫ్ట్‌లో నవ్వడం తప్ప మాటల్లేవు. ఆ రోజు నుంచి గ్రూప్‌లో ఏం పడినా స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు, గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలతో సహా.

ట్యాంకర్ల ఖర్చని మెయింటెనెన్స్ మీద నెలకి 1,500 ఎక్స్‌ట్రా వేశారు, అది అడగడానికి మాత్రం నా నంబర్ భలే దొరికింది. తర్వాత టెనెంట్లకి వేరే గ్రూప్ పెట్టారు గానీ అందులో అడ్మిన్లే మాట్లాడాలి, మనం చదువుకోవాలి అంతే.

మరి ఖాళీ చేయొచ్చుగా అంటారు. పాప స్కూల్ బస్సు గేటు లోపలికే వస్తుంది, మా ఆవిడ ఆఫీసుకి మియాపూర్ మెట్రో దగ్గర, బాల్కనీలో రెండు నీలం డ్రమ్ములు కూడా కొనేశాం. ఒంటరిగా ఉండేవాళ్ళకి, ఇంట్లో పెద్దవాళ్ళు లేనివాళ్ళకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. ఈ జూన్‌లో రెంటు పెంచుతానని ఓనర్ ఫోన్ చేస్తే, ముందు ఆ గ్రూప్‌లో మీ బదులు నన్ను వేయించండి, తర్వాత పెంపు మాట్లాడదాం అన్నా. చూస్తానన్నారు.