సూర్య నమస్కారాలు: ఏళ్ల తరబడి రోజూ చేశాక తేలే లెక్క

రోజూ పొద్దున్నే 12 రౌండ్లు, పరగడుపున. మార్కులు ముందే చెప్పేస్తే, నడుముకీ ఊపిరికీ అయిదుకి నాలుగున్నర, నిద్రకి నాలుగు, బరువు తగ్గడానికి మాత్రం రెండే. చెమటోడ్చి వచ్చి రెండు మినపగారెలు లాగిస్తే లెక్క అక్కడికక్కడే సరి.

రౌండ్ అంటే ఏంటో తేల్చుకుందాం. కుడికాలు వెనక్కి వేసి 12 భంగిమలు, మళ్లీ ఎడమకాలితో 12. రెండూ కలిస్తేనే ఒక రౌండ్. ఊపిరితో పాటు కదిలితే దానికి నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు పడుతుంది. పన్నెండూ పది నిమిషాల్లో అయిపోయాయంటే అవి గుంజీల కిందే జమ.

ఊపిరి వరుస బట్టీ పట్టక్కర్లేదు. ఛాతీ విచ్చుకుంటే పీల్చడం, పొట్ట మడతపడితే వదలడం. ఆరోదైన అష్టాంగ నమస్కారంలో మాత్రం ఊపిరి వదిలేసి అలాగే ఆపమంటారు. బీపీ ఉన్నవాళ్లు ఆపకుండా మామూలుగా తీసుకోవాలి.

ఎక్కువమంది తప్పు చేసేదీ ఈ ఆరోదగ్గరే. నేలకి తగలాల్సినవి ఎనిమిది: రెండు పాదాల వేళ్లు, రెండు మోకాళ్లు, రెండు అరచేతులు, ఛాతీ, గడ్డం. పిర్రలు పైకే ఉండాలి. భుజాల్లో బలం చాలనివాళ్లు పొట్టమీద దబ్బున పడిపోతారు, దాంతో నడుం కలుక్కుమంటుంది. ముందు మోకాళ్లు ఆనించి, మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా ఉంచి, తర్వాత ఛాతీ దించితే ఆ బాధ ఉండదు.

రెండో చిక్కు తొమ్మిదో భంగిమ. వెనకున్న కాలు చేతుల మధ్యకి రావాలి. సగందాకా వచ్చి ఆగిపోతుంది. పొట్ట అడ్డమైనా, తుంటి బిగుసుకున్నా అంతే. చీలమండ పట్టుకుని చేత్తో ముందుకి లాక్కోండి, అందులో నామోషీ ఏమీ లేదు. అరచేతుల కింద చెరో మందపాటి పుస్తకం పెట్టినా కాలికి దారి దొరుకుతుంది.

రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకి ముందుగా తెలిసే మార్పు, మంచం దిగగానే ఉండే నడుం పట్టు సడలడం. రెండు మూడు వారాల్లో అది తెలుస్తుంది. వంగితే వేళ్లు పాదాలకి అందడానికి మాత్రం నెలలు పడుతుంది. దీర్ఘకాలపు నడుంనొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో చేర్చింది. బీపీ కొద్దిగా దిగొచ్చు, అలాగని మాత్రలు మానేయకూడదు. పాము పడగలా ఛాతీ పైకెత్తే ఏడో భంగిమ, భుజంగాసనంతో థైరాయిడ్ పోతుందనే మాట నమ్మకండి. షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు పరగడుపున చేస్తే వణుకూ చెమటలూ పట్టొచ్చు. డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి. గ్లకోమా ఉంటే తల కిందికి వాల్చే భంగిమలు వద్దు, కంటిలో ఒత్తిడి పెరుగుతుంది.

ఇక దెబ్బలు. మోకాళ్లు బిగించి బలవంతంగా వంగితే పిర్ర కింద, కూర్చునే ఎముక దగ్గర ఓ మొండి నొప్పి పట్టుకుంటుంది. తొడ వెనక కండరం ఎముకకి అతుక్కునే చోటు అది. ఒకసారి దెబ్బతింటే నెలలపాటు వదలదు. మోకాళ్లు కొంచెం వంచి, పొట్టని తొడలకి ఆనించడం మేలు. మణికట్టు నొప్పికి కారణం బరువంతా అరచేతిలో మణికట్టు వైపు భాగం మీద వేయడం. వేళ్లు విప్పి, వేళ్ల మొదళ్లతో నేలని నొక్కాలి.

రథసప్తమికి 108 చేసే ఆనవాయితీ మంచిదే. రోజూ 12 చేసేవాళ్లు ఆ ఒక్కరోజు 108కి దూకితే మర్నాడు దువ్వెన పట్టుకోవడానికి చెయ్యి లేవదు. ముందునుంచే వారం వారం కొంచెం కొంచెంగా పెంచుకుని, ఆ రోజు కూడా 27 దగ్గర, 54 దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటే నయం.

నునుపు టైల్స్ మీద జంపఖానా జారుతుంది. 6 మిల్లీమీటర్ల మ్యాట్ చాలు. అంతకన్నా మెత్తనిదైతే అరచేతులు కుంగి మణికట్టు ఇంకా వంగుతుంది. మోకాలి కింద మడతపెట్టిన తువ్వాలు వేసుకోండి.

చివర శవాసనం అయిదు నిమిషాలు. చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది, ఫ్యాన్ కట్టేసి పల్చటి దుప్పటి కప్పుకోవాలి.