ఈక్వటోరియల్ గినీ యాత్ర: నగరాల కంటే అడవి మేలు

పేరులోనే భూమధ్యరేఖను పెట్టుకున్న ఈ దేశపు నేలను ఆ రేఖ ఎక్కడా తాకదు. ఆఫ్రికా ఖండం మీద ఉన్న రియో ముని ప్రాంతమూ, కామెరూన్ తీరానికి ఎదురుగా ఉన్న బియోకో ద్వీపమూ రేఖకు ఉత్తరాన ఉన్నాయి. అన్నోబోన్ అనే చిన్న ద్వీపం ఒక్కటే దక్షిణాన, మిగతా దేశానికి దూరంగా అట్లాంటిక్ మహాసముద్రంలో ఉంది. రేఖ ఈ రెంటి నడుమ సముద్రం మీదుగా సాగిపోతుంది. జనవరి నెలలో తొమ్మిది రోజులపాటు ఒక స్థానిక పర్యటన సంస్థ ఏర్పాటు చేసిన యాత్రలో ఈ దేశాన్ని చూశాను. ఆ సంస్థ సేవలు ఎలా ఉన్నాయన్నదీ, అంత డబ్బు పోసి ఈ దేశానికి వెళ్లవచ్చా అన్నదీ ఈ సమీక్షలో రాస్తున్నాను. ఈ రెండు ప్రశ్నలకూ నా జవాబు ఒకటి కాదు.

దేశం విస్తీర్ణం 28,051 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1778లో పోర్చుగల్ చేతి నుంచి స్పెయిన్ చేతికి మారి, 1968 అక్టోబర్ 12న స్వతంత్రమైంది. ఆఫ్రికాలో స్పానిష్ అధికార భాషగా ఉన్న స్వతంత్ర దేశాన్ని వెతుక్కుంటూ వచ్చేవారు చేరవలసింది ఇక్కడికే. ఫ్రెంచి, పోర్చుగీసు కూడా అధికార భాషలే అయినా బజారులో వాటితో పని జరగదు. ఖండం మీద ఫాంగ్ జాతివారు, బియోకోలో బుబి జాతివారు మూలవాసులు. బియోకోలోని మలాబో నగర వీధుల్లో స్పానిష్‌తోపాటు పిచి అనే ఇంగ్లీషు మిశ్రభాష కూడా నిరంతరం వినిపిస్తుంది. ఒకప్పుడు కోకో తోటలే ఆధారమైన ఈ ఆర్థిక వ్యవస్థను 1995లో సముద్రగర్భంలో బయటపడిన జఫీరో చమురు క్షేత్రం తలకిందులు చేసింది. తలసరి ఆదాయం లెక్కల్లో దేశం ఆఫ్రికాలో ముందు వరుసకు చేరింది, కానీ ఆ లెక్కకూ సామాన్యుడి ఇంటికీ పొంతన కుదరలేదు. ఉత్పత్తి 2000ల నడిమి సంవత్సరాల తరువాత తగ్గుముఖం పట్టింది. సందర్శకుడికి ఎదురయ్యే ప్రతి వింతకూ మూలం ఈ చమురు కథలోనే దొరుకుతుంది.

ఒకప్పుడు వీసా సంపాదించడమే పెద్ద ప్రహసనమని పేరుపడిన ఈ దేశం 2023 నుంచి ఆన్‌లైన్‌లో వీసా దరఖాస్తులు తీసుకుంటోంది. పసుపు జ్వరం టీకా వేయించుకున్నట్టు ధ్రువపత్రం తప్పనిసరి. మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది కనుక నివారణ మాత్రలు వాడకుండా బయలుదేరడం తెలివితక్కువతనం. చెలామణిలో ఉన్నది మధ్య ఆఫ్రికా సీఎఫ్ఏ ఫ్రాంకు. ఒక యూరోకు 655.957 ఫ్రాంకుల చొప్పున దాని విలువ స్థిరంగా ఉంటుంది. యూరో నోట్లు తీసుకువెళ్లి మార్చుకోవడమే మార్గం. మేము దిగిన హోటల్లో కార్డు యంత్రం బల్ల మీద కనిపిస్తూనే ఉంది కానీ, నాలుగు రోజుల్లో ఒక్కసారీ పనిచేయలేదు. గది బాడుగ మొత్తం నగదుగానే కట్టవలసి వచ్చింది. అక్కడి ధరలు చమురు కంపెనీ ఖాతాలో బిల్లులు వేసే ఉద్యోగులకు తగినట్టు ఉంటాయి. సొంత డబ్బుతో వచ్చిన వాడి సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

చిరకాలం రాజధానిగా ఉన్న మలాబో, మునిగిపోయిన అగ్నిపర్వత ముఖం అంచున ఏర్పడిన ఓడరేవు. 1827లో బ్రిటిష్ వారు నౌకాస్థావరంగా వాడుకోవడంతో మొదలైన ఊరిని తరువాత స్పెయిన్ పాలకులు శాంతా ఇసబెల్ అన్నారు. పాత ఊరిని కాలినడకన ఒక పూటలో చూసేయవచ్చు. పసుపు, గులాబీ రంగులు వెలిసిన వలస కాలపు ఇళ్లు, చెక్క వసారాలు, సన్నని వీధులు చూడముచ్చటగా ఉన్నాయి. జంట శిఖరాల కెథెడ్రల్ నిర్మాణం 1897లో మొదలై 1916లో ముగిసింది. 2020 జనవరిలో అది అగ్నికి ఆహుతై తీవ్రంగా దెబ్బతిన్నది. దాని ఫొటో తీసుకుందామని కెమెరా ఎత్తేలోపే మా గైడు నా చేయి పట్టుకుని దించాడు. అధ్యక్ష భవనం ఆ పక్కనే ఉంది. ఆ దిక్కుకు కెమెరా తిప్పితే ముందు కెమెరా పోతుంది, ఆ తరువాత సాయంత్రమంతా పోతుంది. విమానాశ్రయం, సైనికులు, రేవు, ప్రభుత్వ కార్యాలయాలు వేటినీ ఫొటో తీయకూడదు. ఇవన్నీ తీసేస్తే ఊళ్లో ఫొటో తీయడానికి మిగిలేది తక్కువే.

మలాబోలో టాక్సీ ఎక్కడం మాత్రం నాకు బాగా నచ్చింది. కారు ఆగీ ఆగకముందే కిటికీలోంచి వెళ్లవలసిన చోటు చెప్పాలి. డ్రైవరుకు ఆ దారి నచ్చితే తల ఊపుతాడు, నచ్చకపోతే మాట లేకుండా ముందుకు పోతాడు. లోపల అప్పటికే ముగ్గురుంటారు. ఏ సంస్థా ఏర్పాటు చేయని ఈ సేవ, మేము ముందుగా డబ్బు చెల్లించిన ఏ సేవ కన్నా చక్కగా, సమయానికి నడిచింది.

ఊరి తూర్పున ఉన్న సిపోపో, చమురు డబ్బు రుచిని ఒక్క చూపులో చెప్పేస్తుంది. 2011లో ఆఫ్రికన్ యూనియన్ శిఖరాగ్ర సభ కోసం దేశాధినేతలకు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున 52 విల్లాలు, హోటలు, కృత్రిమ ఇసుక తీరం కట్టించారు. మేము వెళ్లిన మధ్యాహ్నం ఆ విశాలమైన రోడ్డు మీద తోటమాలి ఒక్కడే కనిపించాడు. ఊరికి పశ్చిమాన పుంతా యూరోపా వద్ద సహజవాయువును ద్రవీకరించే కర్మాగారం 2007 నుంచి ఎగుమతులు చేస్తోంది. దాని మంట రాత్రిపూట మేఘాల అడుగుభాగాన్ని నారింజ రంగులో వెలిగిస్తుంది.

ఊరు దాటగానే బర్రేరాలు మొదలవుతాయి. సైనికులు కాపలా ఉండే తనిఖీ కేంద్రాలను అక్కడ అలా పిలుస్తారు. మా డ్రైవరు సీటు కింద ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకున్నాడు; అందులో మా పాస్‌పోర్టుల నకళ్లు, యాత్ర అనుమతి పత్రం నకళ్లు దస్తాలుగా ఉన్నాయి. ప్రతి బర్రేరా దగ్గరా కారు నెమ్మది చేసి, అద్దం దించి, "బ్వెనోస్ దియాస్, హెఫే" (శుభోదయం, దొరా) అని ఒక ప్రతి అందించేవాడు. సైనికుడు దాన్ని తిరగేసి, మడిచి, జేబులో పెట్టుకునేవాడు. ద్వీపం పశ్చిమ తీరాన ఉన్న లూబా పట్టణం చేరేలోపు సంచి సగం ఖాళీ అయింది. సొంతంగా కారు అద్దెకు తీసుకుని తిరుగుదామనుకునేవారు ఈ ఒక్క దృశ్యాన్ని ఊహించుకుంటే చాలు. గైడు ఖర్చు ఎక్కువే అయినా అది అనవసర ఖర్చు కాదు.

అయితే పత్రాల విషయంలోనే మా పర్యటన సంస్థ ఘోరంగా తప్పింది. 3,011 మీటర్ల పీకో బసిలే దేశంలో ఎత్తయిన పర్వతం. ప్రసార టవర్లున్న కారణంగా శిఖరం దాకా రోడ్డు ఉంది కానీ, సైనిక స్థావరం దాటడానికి ప్రత్యేక అనుమతి కావాలి. మా పత్రం మీద ఉండవలసిన ముద్రల్లో ఒకటి లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్లిన మమ్మల్ని గేటు దగ్గర నుంచే వెనక్కి పంపారు. ఆకాశం నిర్మలంగా ఉంటే పైనుంచి జలసంధికి అవతల కామెరూన్ పర్వతం కనిపిస్తుందంటారు. ఆ రోజు ఆకాశం నిర్మలంగానే ఉంది. డబ్బు వాపసు అడిగితే, అనుమతి రుసుము ప్రభుత్వానికి చేరిపోయిందన్న సమాధానం వచ్చింది. ఇంగ్లీషు వచ్చిన గైడును ఇస్తామన్న మాట కూడా నిలబడలేదు. అతనికి వచ్చినది స్పానిష్, పిచి. అడవిని గురించి అతనికి తెలిసినదాన్ని చూశాక ఆ ఫిర్యాదును నేను ఉపసంహరించుకున్నాను.

ఇక బియోకో దక్షిణ భాగం గురించి. ఈ దేశానికి ఎవరైనా వెళ్లవలసిన కారణం ఏదైనా ఉంటే అది ఇదే. లూబా దగ్గర రోడ్డు లోపలికి తిరిగి మోకా వైపు ఎక్కుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు బుబి రాజు పేరు పెట్టుకున్న ఆ గ్రామం వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తులో, పచ్చిక బయళ్లు, పొగమంచు నడుమ ఉంటుంది. తీరం మీద చెమటలో నానిన చొక్కా అక్కడ చలికి ఒంటికి అంటుకుంటుంది. వన్యప్రాణి పరిశోధన కేంద్రం ఒకటి అక్కడ పనిచేస్తోంది. ఈ ఒక్క ద్వీపంలో ఏడు జాతుల కోతులున్నాయి. నల్లని ముఖం మీద తెల్లని అంచు కట్టినట్టుండే డ్రిల్ కోతి వాటిలో ఒకటి. ప్రపంచంలో మరెక్కడా లేకుండా బియోకోకే పరిమితమైన, అంతరించే అంచున ఉన్న పెనెంట్ ఎర్ర కోలోబస్ మరొకటి. డ్రిల్ కోతుల గుంపును మేము చూడలేదు, విన్నాం. పైన కొమ్మలు విరుగుతున్న చప్పుడు, గొంతులో గుర్రుమనే అరుపు, ఆ తరువాత మా గైడు రెండు వేళ్లు పెదవులకు ఆనించి చూపిన మౌనం. కోతుల వేటనూ మాంసం అమ్మకాన్నీ 2007లోనే నిషేధించారు. వేట మాత్రం ఆగలేదు.

మోకా దారిని విడిచి దక్షిణానికి దిగితే ఉరేకా. ఏడాదికి 10,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఈ ఊరు ప్రపంచంలో అత్యధిక వర్షపాతం గల చోట్లలో ఒకటి. జలపాతాలు నేరుగా నల్ల ఇసుక తీరం మీదికి దూకుతాయి. ఇక్కడికి ఒకప్పుడు అడవిలో రోజంతా నడిచి రావలసి ఉండేది, ఇప్పుడు తారు రోడ్డు ఉంది. ఆ రోడ్డు నాలాంటి వాడిని ఎంత సుఖంగా తీసుకువచ్చిందో వేటగాణ్ణి కూడా అంతే సుఖంగా తీసుకువస్తోంది. ఈ రోడ్డును మెచ్చుకోవాలో తిట్టుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఈ తీరానికి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి పదకొండు దాటాక ఎర్రని దీపం వెలుతురులో, మనిషి పొడవుకు తగ్గని ఒక లెదర్‌బ్యాక్ తాబేలు వెనుక మోకాళ్లూని కూర్చున్నాం. తెల్లని వెలుతురు దాన్ని బెదరగొడుతుంది కనుక టార్చి, ఫ్లాష్ నిషిద్ధం. అది తెడ్డు లాంటి తన వెనుక కాలు ఒకదాన్ని గరిటలా ముడిచి గుంటలోకి దించి, పిడికెడు తడి ఇసుక తోడి, పక్కన జాగ్రత్తగా పోసి, ఆ వెంటనే రెండో తెడ్డు దించేది. కళ్లతో చూడకుండా, ఒక్క రేణువూ గుంటలోకి జారకుండా ఆ పని దాదాపు అరగంట సాగింది. గుడ్లు జారడం మొదలయ్యాక దాని ఊపిరి మనిషి నిట్టూర్పులా వినిపించింది. ఈ ఒక్క రాత్రికి నేను యాత్ర మొత్తం ఖరీదు మళ్లీ చెల్లిస్తాను. మా సంస్థ ఇక్కడ ఒక్క రాత్రే కేటాయించింది. రెండు రాత్రులైనా అడిగి పెట్టించుకోవడం మంచిది.

ఖండం మీది ప్రధాన నగరమైన బాటా గురించి రాయడానికి అంత లేదు. మలాబో నుంచి విమానంలో గంటలోపు ప్రయాణం. మా విమానం మాత్రం కారణం చెప్పకుండా మరుసటి రోజుకు వాయిదా పడింది. దానితో అడవి ఏనుగులు, గొరిల్లాలు, ప్రపంచంలోకెల్లా పెద్దదైన గోలియత్ కప్ప ఉండే మోంతే అలేన్ జాతీయ వనం మా కార్యక్రమంలోంచి జారిపోయింది. బాటా సముద్రపు ఒడ్డున పొడవైన విహార మార్గం బాగుంది, సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. 2021 మార్చి 7న సైనిక స్థావరంలో జరిగిన పేలుళ్లలో వందమందికి పైగా చనిపోయిన ఊరిది. అక్కడి నుంచి లోపలికి, కొత్త రాజధాని కావాలని అడవి నరికి కట్టిన సియుదాద్ దె లా పాస్‌కు మమ్మల్ని తీసుకువెళ్లారు. వెడల్పాటి రోడ్ల మీద మా కారు ఒక్కటే నడిచింది. ఒక గంట చాలు.

భోజనం విషయంలో ఫిర్యాదు లేదు. వీధి పక్క బొగ్గుల మీద కాల్చిన చేప, వేయించిన అరటికాయ, వేరుశనగ పులుసు, కారం ఘాటెక్కిన పెపెసూప్ అన్నీ రుచికరం. మాంసం, చేప ముట్టని వారికి మాత్రం కర్రపెండలం, అన్నం, అరటికాయ చుట్టూనే రోజులు తిరుగుతాయి. పల్లెల్లో చెరకు రసం పులియబెట్టి చేసే మలాంబాను ఒక గుక్కతో ఆపడం నేర్చుకున్నాను.

1979 ఆగస్టులో సొంత పినతండ్రి ఫ్రాన్సిస్కో మసియాస్‌ను కూలదోసి అధికారం చేపట్టిన తెయొదోరో ఒబియాంగ్ అప్పటి నుంచి అధ్యక్షుడుగా కొనసాగుతున్నారు. అన్నోబోన్ ద్వీపంలో 2024 జులై నిరసనల తరువాత ఇంటర్నెట్‌నే ఆపివేశారు. స్థానికులతో రాజకీయాలు మాట్లాడకపోవడం సందర్శకుడి భద్రత కోసం కాదు, జవాబు చెప్పవలసి వచ్చే ఆ స్థానికుడి భద్రత కోసం.

పర్యటన సంస్థకు అయిదులో రెండున్నర ఇస్తాను. ఆ అర కూడా గైడూ డ్రైవరూ సంపాదించినదే. దేశానికి వేరుగా మార్కులు వేయవలసి వస్తే, బియోకో దక్షిణ భాగానికి అయిదుకు అయిదు, మిగతాదానికి రెండు. మళ్లీ వెళితే బాటాను వదిలేసి, పొడి కాలమైన డిసెంబర్, ఫిబ్రవరిల మధ్య ఆరు రోజులు బియోకోలోనే గడుపుతాను; ఖండం మీది అడవులు చూడాలనుకునేవారు అక్కడ పొడిగా ఉండే జూన్, ఆగస్టుల మధ్య వేరే ప్రయాణం పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ నెలల్లో బియోకో వానలో మునిగి ఉంటుంది. బయలుదేరే రోజున చేతిలో మిగిలిన ఫ్రాంకులను మలాబోలోనే మార్చుకోవాలి. పశ్చిమ ఆఫ్రికా దేశాల సీఎఫ్ఏ ఫ్రాంకుకూ వీటికీ విలువ సమానమే అయినా, అక్కడి దుకాణాల్లో ఈ నోట్లు చెల్లవు.