పాలమూరుల కూసొని జర్మనీ మిలిటరీ కాలనీ చూసినం: లైవ్ టూర్ రివ్యూ

ముందుగాల రేటింగ్ చెప్పేస్త, 5 కి 3.5. చూపించిన కాలనీకైతే ఇంకా ఎక్కువనే ఇద్దును కానీ నేను పైసలు కట్టింది టూర్‌కు, కాలనీకి కాదు.

సంగతేందంటే జర్మనీల చదువుకునే మన తెలుగు పిల్లలు ఇద్దరు లైవ్ టూర్లు పెడ్తున్నరు. వాళ్లక్కడ ఫోన్ పట్టుకొని నడుస్తరు, మనం ఇక్కడ స్క్రీన్ మీద చూసుకుంట ఏదన్నా అడగొచ్చు, మాటలన్నీ తెలుగులనే. గంటన్నర టూర్, మనిషికి 300. వాళ్లల్ల తమ్ముడు మిర్యాలగూడోడు, చెల్లె వనపర్తి పిల్ల. వాళ్ల దగ్గర చర్చీలు, పాత బజార్లు గిట్ల వేరే టూర్లు కూడా ఉన్నయి కానీ మేం మిలిటరీ జాగల కట్టిన కాలనీ టూర్ తీసుకున్నం, ఎందుకంటే మాది అదే లైన్. మేం ఎల్‌టీపీలం, అంటే ఇండ్ల ప్లాన్లకు లైసెన్స్ ఉన్న టెక్నికల్ వాళ్లం, ప్లాన్లు గీసుడు, ఆన్‌లైన్‌ల అప్‌లోడ్ చేసుడు, ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఎప్పుడైతదని అడిగేటోళ్లకు సమాధానం చెప్పుడు, ఇదే పని. మాతోని ఇద్దరు బిల్డర్లు, ఒక మాజీ కౌన్సిలర్, మా రిటైర్డ్ డ్రాయింగ్ సారు. న్యూటౌన్‌ల మా ఆఫీసు మీది హాల్ల ప్రొజెక్టర్ పెట్టి, మిర్చీలు తెప్పించుకొని కూసున్నం.

కాలనీ పేరు వోబాన్, ఫ్రైబుర్గ్ అనే ఊర్ల ఉంటది. ఊరు మన పాలమూరు కంటే జరంత పెద్దది, రెండు లక్షల చిల్లర జనం. ఈ జాగల 1936 నుంచి 38 మధ్యల జర్మన్ సైన్యానికి బ్యారక్‌లు కట్టిన్రు, యుద్ధం ఒడిసినంక ఫ్రెంచ్ సైన్యం వచ్చి దిగింది, పేరు పెట్టింది కూడా వాళ్లే, వోబాన్ అంటే 14వ లూయీ రాజుకు కోటలు కట్టిచ్చిన మార్షల్ అట. 1992ల ఫ్రెంచోళ్లు ఖాళీ చేసి పోయిన్రు. ఇగ ఊరి నడిమికి దగ్గర్ల, ట్రామ్ ఎక్కితే సెంటర్ వచ్చేంత దూరంల, అంత పెద్ద జాగ ఖాళీగ మిగిలింది. మన దగ్గరైతే ఏమైతుండెనో మీకందరికీ తెల్సు, నేను చెప్పాల్సిన పని లేదు.

టూర్ మొదలైంది హౌస్ 37 అనే బిల్డింగ్ కాడ. పాత మిలిటరీ బిల్డింగే, దాన్ని కూలగొట్టకుండ ఉంచి కాలనీ సెంటర్ చేసిన్రు, మీటింగులు, క్లాసులు, కింద హోటల్. మేం బుధవారం పెట్టుకున్నం, ఆ రోజు మధ్యాహ్నంకెల్లి దాని ముందట రైతుల మార్కెట్ ఉంటది, మనకు సాయంత్రం అయితది. చెల్లె కెమెరా పట్టుకొని బండ్ల నడుమకెల్లి పోతుంటే జున్ను గడ్డలు, బుట్టల చెర్రీలు, సైకిల్‌కు ముందట డబ్బా కట్టి దాన్ల ఇద్దరు పిల్లల్ని కూసోబెట్టుకొని వచ్చిన తల్లి. మా కౌన్సిలర్ సాబ్ ఫస్ట్ అడిగిన ప్రశ్న, "చెల్లె, పార్కింగ్ యాడుంది?"

అసలు కథంతా దాన్లనే ఉన్నది. ఈ కాలనీల ఎక్కువ గల్లీలల్ల ఇంటి ముందట కారు పెట్టనియ్యరు. సామాన్ దించుకోవచ్చు, ముసలోళ్లను దించొచ్చు, దించినంక తీసుకపోవాలె. కారు ఉన్నోళ్లు కాలనీ కొసకు ఉన్న బహుళ అంతస్తుల గ్యారేజీల జాగ కొనుక్కోవాలె, ఆ రోజులల్లనే 18 వేల యూరోల పైన పడ్డదట ఒక్కో జాగ. కారు లేనోళ్లు మాకు కారు లేదని సంతకం పెట్టి రాసియ్యాలె. గింత స్ట్రిక్టా అని మావోళ్లు నోర్లు తెరిచిన్రు కానీ నాకు నచ్చింది వేరే పాయింట్. కాయిదం మీద చూస్తే చట్టం ప్రకారం ప్రతి ఇంటికి పార్కింగ్ జాగ చూపించాల్నే, మన లెక్కనే. దానికి వాళ్లు ఏం చేసిన్రంటే కారు లేనోళ్లందరు కలిసి ఒక సంఘం పెట్టి, కాలనీ పక్కన కొంత జాగ తీసి పెట్టిన్రు, రేపెప్పుడన్నా అందరు కార్లు కొంటే ఆడ గ్యారేజీ కట్టుకోవచ్చు అని. అప్పటిదాక అది గడ్డి మైదానం, పిల్లలు ఆడుకుంటరు. తమ్ముడు ఆ మైదానంలకు పోయి చూపించిండు. కాయిదాలల్ల అది పార్కింగ్, కండ్లకు కనిపించేది ఫుట్‌బాల్. స్టిల్ట్ పార్కింగ్, అంటే బిల్డింగ్ కింద పిల్లర్ల నడుమ పార్కింగ్, అని పర్మిషన్ తీసుకొని రెండో నెలల దాన్ని షట్టర్లు చేసే ఊర్ల పని చేసేటోనికి ఇది చూస్తే ఎట్లుంటదో మీరే ఆలోచించున్రి, మాది ఉల్టా కేసు.

ఒక గల్లీల ఫోన్ కిందికి పెట్టి రోడ్డు చూపించిన్రు. రంగు రంగుల చాక్‌పీసులతోని పిల్లలు గీసిన గీతలు, ఈ మూలకెల్లి ఆ మూల దాకా, నడుమ ఒక మూడు చక్రాల సైకిల్ పండవెట్టి పోయిన్రు, దాన్ని తీసెటోడు లేడు, ఎందుకంటే తియ్యాల్సిన అవసరం లేదు. ఏదన్నా కారు వచ్చినా నడిచే మనిషి స్పీడుకు మించి పోవద్దు. పక్కకు పెద్ద చెట్లు, అవి మిలిటరీ వాళ్ల టైంలవి, బిల్డింగులు కట్టేటప్పుడు కొట్టకుండ ఉంచిన్రు. డ్రాయింగ్ సారు ఆడ్నే ఆపమన్నడు, చెట్టు మొదలు చూపియ్యమన్నడు, చుట్టు ఎంత జాగ ఇడ్సిన్రో చూసి గట్టిగ ఏం అనలే, "హూ" అన్నడంతే. మెయిన్ రోడ్డు పొడుగూత గడ్డి గుంత ఒకటి ఉంటది, మోకాలు లోతు, కప్పుల మీది వాన నీళ్లు దాన్లకు వచ్చి భూమిలకు ఇంకుతయి, ట్రామ్ పట్టాల నడుమ కూడా గడ్డే. మనం మోరీ అంటే సిమెంట్ పోసుడే గదా. వాన పడ్డ రోజు మా ఆఫీస్ ముందట నిలబడి చూడున్రి ఏమైతదో.

ఇప్పుడు నాకు కోపమొచ్చిన పాయింట్. ఈ పిల్లలు సోలార్ ఇండ్ల కాడ ఇరవై నిమిషాలు పట్టిచ్చిన్రు. పక్కనే రోల్ఫ్ డిష్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన 59 ఇండ్ల లైన్ ఉన్నది, వాడుకునే దానికంటే ఎక్కువ కరెంట్ తయారు చేస్తయి, బాగున్నయి, ఫోటోలు మంచిగొస్తయి, కాదనను. కానీ సోలార్ ప్యానెల్ మనకు కొత్తనా, అడ్డాకుల దాక పోతే బాయిల కాడ కూడా కనిపిస్తయి. మిలిటరీ జాగ మున్సిపాలిటీ చేతికి ఎట్లొచ్చింది, పైసలు ఎవలు పెట్టిన్రు, ప్లాట్లు ఎవలకు అమ్మిన్రు, ఈ మూడు ముచ్చట్లు వాళ్ల స్క్రిప్టులనే లేవు. నేను అడిగితే గానీ చెప్పలే. అడిగినంక మాత్రం తమ్ముడు మస్తు చెప్పిండు, అంటే తెల్సు వానికి, జనాలకు బోర్ కొడ్తదని తీసేసిండట. అరే మేం దానికోసమే కట్టినం తమ్మీ!

వాడు చెప్పింది ఇది. ఫ్రెంచోళ్లు పోయినంక జాగ అక్కడి కేంద్ర ప్రభుత్వానిది అయింది. అండ్లకెల్లి 34 హెక్టార్లు సిటీ కొన్నది, సుమారు 4 కోట్ల మార్కులకు (జర్మనీ పాత పైసలు), అంటే 2 కోట్ల యూరోల లెక్క. మా బిల్డర్ అన్న ఫోన్‌ల క్యాలిక్యులేటర్ తీసిండు, 84 ఎకరాలు, యూరో వంద రూపాయలు పట్టుకుంటే ఎకరానికి 2 కోట్ల 38 లక్షలు. "ఫ్రీగ వచ్చినట్టే" అన్నడు. 2023ల కోకాపేటల హెచ్ఎండీఏ వేలంల ఎకరం వంద కోట్లు దాటింది గదా, అది మనసుల పెట్టుకొని అన్నడు. కానీ చూడున్రి, సిటీ కొని వేలం పెట్టలే. ఒక్క పెద్ద కంపెనీకి గంపగుత్తగ ఇయ్యలే. రోడ్లు, డ్రైనేజీ, బడి, అంగన్‌వాడీ అసుంటివి ప్లాన్ చేసి, చిన్న చిన్న ప్లాట్లు కోసి అమ్మింది, అమ్మినంక వచ్చిన పైసలు మళ్ల అండ్లనే ఖర్చు పెట్టింది. ప్లాన్ గీసేటప్పుడే జనాలతోని ఫోరం వోబాన్ అని ఒక సంఘం పుట్టింది, 1994ల, మరుసటేడు సిటీనే దాన్ని అధికారికంగ గుర్తించి కూసోబెట్టి మాట్లాడింది. ఇండ్లు లేసుడు 1998 కాడ మొదలైతే ట్రామ్ మాత్రం 2006కు వచ్చింది, అంటే వాళ్ల తాన కూడా లేట్లు ఉన్నయి, సంతోషం.

ప్లాట్లు కొన్నోళ్లల్ల శానామంది ఎవలంటే పది పదిహేను కుటుంబాలు కలిసి ఒక గ్రూపు అయితరు, వాళ్లే ప్లాట్ కొంటరు, వాళ్లే ఆర్కిటెక్ట్‌ను పెట్టుకుంటరు, నాలుగు అంతస్తులు కట్టుకుంటరు, ఎవని ఫ్లాట్ వానికి ఇష్టమొచ్చినట్టు లోపల గీసుకోవచ్చు. విడి ఇండ్లకు పర్మిషనే లేదు. నడుమ బిల్డర్ లేడు.

మా రెండో బిల్డర్ అన్న అప్పటిదాక మిర్చి తినుకుంట ఉన్నోడు లేసి కూసున్నడు. "మరి నడుమ మేమెందుకు?"

హాలంతా నవ్వుడే. కానీ ఆయన అడిగిన ఇంకో ప్రశ్నకు మాత్రం ఆ పిల్లలు సరిగ జవాబు చెప్పలే, స్లాబ్ లీకైతే ఎవన్ని పట్టుకోవాలె? పన్నెండు ఇండ్లోళ్లు ఓనర్లు, పన్నెండు మంది బాధ్యులు, మన తాన రెండు ఇండ్లోళ్లు ఒక్క కాంపౌండ్ గోడ కాడ కలువరు. చెల్లె నిజాయితీగ చెప్పింది, మీటింగులు ఏండ్ల తరబడి నడుస్తయి అన్నా, మధ్యల ఇడ్సిపెట్టి పోయినోళ్లు కూడా ఉంటరు అని.

చెల్లె ఉండేది కూడా ఆ కాలనీలనే, పాత బ్యారక్‌ల. మొత్తం బ్యారక్‌లు కూలగొట్టలే, ఆరింటిని స్టూడెంట్ హాస్టళ్లు చేసిన్రు, ఇంకో నాలుగింటిని సూజీ అనే సంఘపోళ్లు, తక్కువ ఆమ్దానీ ఉన్నోళ్లు, ఫ్రెంచోళ్లు పోయిన కొత్తల్ల కొట్లాడి తీసుకొని, వాళ్ల చేతులతోని రిపేర్ చేసుకున్నరు, ఇప్పటికీ కిరాయి తక్కువ. ఆమె రూమ్ కిటికీ చూపించింది, గోడ ఎంత మందం ఉందంటే కిటికీ గట్టు మీద బియ్యం డబ్బా, కుక్కర్, ఆవకాయ సీసా లైనుగ పెట్టుకున్నది, ఇంకా జాగ మిగిలింది. టూర్ మొత్తంల నాకు బాగ గుర్తుండేది ఆ కిటికీ గట్టే. హిట్లర్ సైన్యానికి కట్టిన గోడల వనపర్తి ఆవకాయ.

వనపర్తి అనంగనే డ్రాయింగ్ సారు ఊకుంటడా, ఆయనది కూడా అదే ఊరు. మిలిటరీ జాగ ఊరైన కథ మనకూ ఉన్నదిరా అన్నడు, హైదరాబాద్ల ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్, వనపర్తి సంస్థానం రాజా పెట్టిన ఆఫ్రికా గుర్రపు దళం నిజాంకు పోయింది, వాళ్లున్న జాగనే ఇయ్యాల బస్తీ. కరెక్టే. కాకపోతే ఏ మున్సిపాలిటీ ప్లాన్ వేసి చేసింది కాదు, దానంతట అదే అయింది. ప్లాన్ ప్రకారం కావాలంటే మన తాన మొదలు రక్షణ శాఖ ఒప్పుకోవాలె. సికింద్రాబాద్ల ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ దాక, అటు రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్లకు (పిల్లర్ల మీది రోడ్లకు) కంటోన్మెంట్ల మిలిటరీ జాగ ఇయ్యమని ఏండ్లు అడిగితే 2024 మార్చిల కేంద్రం ఒప్పుకున్నది, అది కూడా రోడ్డుకు. ఇండ్లకు, బడికి, పార్కుకు అడిగే ముచ్చటనే ఎవరూ తీస్తలేరు. మా కౌన్సిలర్ సాబ్ దీని మీద చాలాసేపు మాట్లాడిండు, టూర్ టైం పోతుంటే నేనే ఆపిన.

మైనస్‌లు ఇంకా ఉన్నయి. నెట్ రెండు సార్లు కట్ అయింది, ఆ టైం మళ్ల కలపలే. మా తాన కరెంట్ పోయింది, అది వాళ్ల తప్పు కాదు. కాలనీల ఉన్న గొడవలు వాళ్లంతట వాళ్లు చెప్పరు, గుంజితే బయటికి వస్తయి: కారు లేదని సంతకం పెట్టి పక్క కాలనీ గల్లీల దాచిపెట్టేటోళ్లు, రేట్లు పెరిగి ఇప్పుడు బాగ సదువుకున్న జీతగాళ్లే ఎక్కువ ఉండుడు, మిగిలిన ఖాళీ ప్లాట్‌ల బండ్లు పెట్టుకొని వాటిల్లనే కాపురమున్నోళ్లను 2011ల పోలీసులతోని ఖాళీ చేయించుడు. అంతా స్వర్గం లెక్క చూపిస్తే వినేటోళ్లు నమ్మరు తమ్మీ, ఇవి కూడా కలుపున్రి, టూర్ ఇంకా గట్టిగైతది. పిల్లల తెలుగు మాత్రం సూపర్, మిర్యాలగూడ మాట ఒకటి, వనపర్తి మాట ఒకటి, అనౌన్సర్ల లెక్క కృత్రిమంగ లేదు.

తీసుకునేటోళ్లకు నా సలహా: బుధవారమే బుక్ చేసుకోండి, సోలార్ ఇండ్లు ఐదు నిమిషాలల్ల ముగించమని ముందే మెసేజ్ పెట్టండి, గ్యారేజీ, గడ్డి మైదానం, బ్యారక్ హాస్టల్ తప్పకుండ అడగండి. జాగ కొన్న లెక్కలు రాసుకొని రమ్మని చెప్పండి, తమ్ముని దగ్గర ఉన్నయి. ఎనిమిది మంది కంటే ఎక్కువుంటే ప్రశ్నలకు టైం చాలదు. ఇన్వర్టర్ ఉన్న జాగలనే పెట్టుకోండి. ట్యూబింగెన్‌ల కూడా గిట్లనే ఫ్రెంచ్ బ్యారక్‌లను ఊరు చేసిన్రట, ఆ టూర్ ఎప్పుడు పెడ్తరని అడిగినం, పెడితే మా బ్యాచ్ మొత్తం రెడీ. బిల్డర్ అన్న కూడా వస్తనన్నడు, కానీ స్లాబ్ లీకేజీ ప్రశ్నకు ముందే జవాబు తెచ్చుకోమన్నడు.