క్రియేటివ్ రైటింగ్ డిగ్రీకి ఫీజు కట్టబోతున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

సాహిత్యం, క్రియేటివ్ రైటింగ్ కలిపి చెప్పే పీజీ కోర్సుకు అప్లై చేస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేరిన యూనివర్సిటీ పేరు చెప్పడం లేదు, ఫిర్యాదు ఇంకా వాళ్ల దగ్గరే నానుతోంది. పేరు చెప్పినా మీకు ఒరిగేది తక్కువే. అది కాకపోతే ఇదే తీరులో నడిచే ఇంకో చోట ఇరుక్కుంటారు.

బ్రోచర్ తెరవగానే ఒక పేరున్న నవలా రచయిత ఫొటో, కింద "మా అధ్యాపక బృందం" అని ఉంటుంది. ఆయన ఏడాదికోసారి వచ్చి, ఒక ఉపన్యాసం ఇచ్చి, పుస్తకాల మీద సంతకాలు పెట్టి వెళ్తారు. విద్యార్థి రాసిన ఒక్క పేజీ కూడా ఆయన చేతికి చేరదు. దీని గురించి అడిగితే, ఆయన "గౌరవ ఆచార్యులు" అని జవాబిచ్చారు. ఆ మాట బ్రోచర్‌లో ఎక్కడా లేదు. మాకు నిజంగా పాఠాలు చెప్పింది సెమిస్టర్ కాంట్రాక్టు మీద వచ్చే గెస్ట్ ఫ్యాకల్టీ. వాళ్ల మీద నాకేం కోపం లేదు. అక్కడ ఎవరైనా మా రచనలు శ్రద్ధగా చదివారంటే వాళ్లే. కానీ ఈ సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు వచ్చే సెమిస్టర్‌లో ఉండరు. నా నవల మొదటి అధ్యాయాలు దిద్దిన మేడమ్ వెళ్లిపోయారు, తర్వాత వచ్చిన సార్‌కి కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. రేపు సిఫార్సు లేఖ కావాలంటే ఎవరిని అడగాలో కూడా తెలియదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వర్క్‌షాప్ దగ్గర తగిలింది. ఈ చదువుకు ప్రాణం అదే. ఒకరు రాసింది మిగతా అందరూ ముందే చదివి వచ్చి, ఎక్కడ పండిందో ఎక్కడ తేలిపోయిందో కూర్చుని మాట్లాడుకోవాలి. అమెరికాలో అయోవా యూనివర్సిటీలో 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. బ్రిటన్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ 1970లో ఈ కోర్సు మొదలుపెడితే మొదటి ఏడాది చేరింది ఒక్కడేనట, అతను తర్వాత పెద్ద నవలాకారుడయ్యాడు. అంత భాగ్యం మనకు అక్కర్లేదు గానీ, పది పన్నెండు మంది దాటితే వర్క్‌షాప్ అనేది పేరుకే మిగులుతుంది. మా క్లాసులో ముప్పై మందికి పైనే. రెండు గంటల్లో ఇద్దరి రచనల కంటే ఎక్కువ సరిగ్గా చర్చించడం కుదరదు. వారానికి ఇద్దరు చొప్పున ముప్పై మందికి పదిహేను వారాలు కావాలి, మా సెమిస్టర్ పన్నెండు వారాలే! అందుకని ఒక్కొక్కరూ వెయ్యి పదాలకు మించి ఇవ్వొద్దని నియమం పెట్టారు. చిన్న కథకే అది చాలదు, ఇక నవల రాసేవాళ్ల గతి ఏమిటి? చివరికి కొందరి వంతు రానే లేదు. "బాగుంది, ఇంకా లోతుగా వెళ్లండి" అనే వ్యాఖ్య మాత్రం అందరికీ అందింది, మాటలు కూడా మార్చకుండా.

సాహిత్యం సగం గురించి ఎక్కువ చెప్పను. సిలబస్ జాబితా చాంతాడంత ఉంది. నాటక రచన, అనువాద సాహిత్యం, కవిత్వ వర్క్‌షాప్ అన్నీ అందులో ఉన్నాయి. చివర చిన్న అక్షరాల్లో "లభ్యతను బట్టి" అన్నారు. కవిత్వం కోసం వచ్చినవాళ్లను కూడా కథా రచనలో కూర్చోబెట్టారు.

ఎక్కడ అనుమానించాలంటే, నా దృష్టిలో మొదటి గుర్తు అడ్మిషన్‌లోనే ఉంది. మంచి ప్రోగ్రాములు మీ రచన శాంపిల్ అడుగుతాయి, మార్కుల కంటే దానికే ఎక్కువ విలువ ఇస్తాయి. నన్ను ఒక్క పేరా కూడా అడగలేదు. ఆఫర్ లెటర్ వచ్చిన వెంటనే ఫోన్లు మొదలయ్యాయి, ఈ వారంలో కట్టకపోతే స్కాలర్‌షిప్ పోతుందని. ఆ స్కాలర్‌షిప్ మొదటి ఏడాదికి మాత్రమే అన్న సంగతి రెండో ఏడాది ఫీజు నోటీసు వచ్చాక గానీ బయటపడలేదు.

ఫీజుల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. అమెరికాలో ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అనే పీజీ డిగ్రీ ఉంది, రచనా రంగంలో దాన్ని ఆఖరి మెట్టుగా లెక్కిస్తారు. పేరున్న చాలా ఎం.ఎఫ్.ఏ.లలో ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తారు, సాధారణంగా బదులుగా జూనియర్లకు క్లాసులు చెప్పాలి. టెక్సస్ యూనివర్సిటీలోని మిచెనర్ సెంటర్ అయితే ఆ షరతు కూడా పెట్టదు. సీట్లు చాలా కొద్ది, పోటీ విపరీతం. అయినా పూర్తి ఫీజు కట్టి చేరే ముందు అలాంటి వాటికి ఒకసారి ప్రయత్నించి చూడండి.

"మా పూర్వ విద్యార్థుల పుస్తకాలు" అనే అల్మారాను చూసి పొంగిపోకండి. మా దగ్గర అందులో సగానికి సగం సొంత డబ్బుతో అచ్చు వేసుకున్నవే. సొంతంగా వేసుకోవడం తప్పేమీ కాదు, దాన్ని కోర్సు ఘనతగా చూపించడమే తప్పు. ఒకరైతే వారాంతపు శిక్షణకు వచ్చి వెళ్లినవారట.

ఇంకొకటి ఎవరూ ముందుగా చెప్పరు, మీ రచన మీద హక్కు. విభాగం సంకలనంలో వేస్తామని సంతకాలు చేయించుకున్నారు. అలా ఒకసారి అచ్చయితే చాలా పత్రికలు దాన్ని "ఇంతకుముందు ప్రచురితం" కింద లెక్కగట్టి తీసుకోవు. చివర్లో ఇచ్చే థీసిస్‌ను లైబ్రరీ ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచిపెట్టినా ఇదే ఇబ్బంది. 2008లో అయోవాలోనే దీని మీద పెద్ద గొడవ నడిచింది. మీ థీసిస్ మీ నవలే కాబట్టి, దాన్ని కొన్నేళ్లు బయటపెట్టకుండా ఆపుకునే అవకాశం ఉందో లేదో చేరకముందే అడగండి.

రెండో ఏడాదిలో మా విభాగాన్ని మీడియా విభాగంలో కలిపేశారు. మిగిలిన పేపర్లలో స్క్రిప్టులు, ప్రకటనలు వచ్చి పడ్డాయి. ఇలాంటివి బయట కూడా జరుగుతున్నాయి. ఎక్కువ కాలం ఇంటి దగ్గరే ఉండి రాసుకుంటూ క్రియేటివ్ రైటింగ్ చదివే పద్ధతిని 1976లోనే మొదలుపెట్టిన అమెరికాలోని గొడార్డ్ కాలేజీ 2024లో మూతపడింది. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ వారం ముందు మాత్రమే చెప్పి మూసేశారు. కోర్సు మధ్యలో ఆగితే అప్పటికే చేరినవాళ్లను ఎలా పూర్తి చేయిస్తారో రాతపూర్వకంగా ఇవ్వగలరా అని అడగండి.

అడిగేదేదైనా ఫోన్‌లో కాదు, మెయిల్‌లో అడగండి. వర్క్‌షాప్‌లో గరిష్ఠంగా ఎంతమంది, నా రచన సెమిస్టర్‌కి ఎన్నిసార్లు చర్చకు వస్తుంది, వచ్చే ఏడాది పాఠాలు చెప్పేవాళ్లలో పర్మనెంట్ ఎవరు, పోయిన ఏడాది నిజంగా నడిచిన పేపర్లు ఏవి. "అన్నీ ఓరియంటేషన్‌లో వివరిస్తాం" అని జవాబు వస్తే అక్కడితో వదిలేయండి. ప్రస్తుత విద్యార్థితో మాట్లాడతానంటే వాళ్లు ఒక స్టూడెంట్ అంబాసిడర్‌ని కలుపుతారు, అతనికి డబ్బులిచ్చేది యూనివర్సిటీయే. పోయినేడు పాసైనవాళ్లను మీరే వెతికి పట్టుకోండి. ఫీజు వాపసు గడువు కూడా చూసుకోండి. మా దగ్గర ఆ తేదీ మొదటి వర్క్‌షాప్ కంటే ముందే అయిపోయింది.